అర లీటరు ఆయిల్ ఎటు పోతోంది?

హైదరాబాద్ చుట్టుపక్కల తిరిగే ట్రాక్టర్లలో చాలావాటికి నాగలి మొహం కూడా తెలియదు. ఎండాకాలం నిజాంపేట, మియాపూర్ వైపు నిలబడితే కనిపించేవన్నీ నీళ్ల ట్యాంకర్లే. మిగతా రోజుల్లో మొరం, ఇసుక, కూల్చిన గోడల మట్టి. పదేళ్లు అలా తిరిగిన బండి చివరికి సెకండ్ హ్యాండ్‌లో ఏదో ఊరికి చేరుతుంది. కొనేవాళ్లు ఇంజన్ చప్పుడు వింటారు, పొగ రంగు చూస్తారు, టైర్లు ఎంత అరిగాయో వేలుపెట్టి చూస్తారు. వెనక తగిలించిన పరికరాన్ని ఆయిల్ ఒత్తిడితో ఎత్తే లిఫ్ట్‌ను మాత్రం ఒకసారి పైకీ కిందికీ ఆడించి సరే అనుకుంటారు. ఖాళీ లిఫ్ట్ ఎవరిదైనా లేస్తుంది.

మా బావ అలాగే కొన్నాడు. 35 హెచ్‌పీ పాత బండి, అంతకుముందు ట్యాంకర్ లాగింది. కొనే రోజు లిఫ్ట్ అసలు కదల్లేదు. అమ్మేవాడు నవ్వి, పీటీఓ (వెనక పరికరాలను తిప్పే షాఫ్ట్) లివర్ వేశాడు, వెంటనే లేచింది. శంకర్‌పల్లి దగ్గర పొలంలో మట్టిని గుల్ల చేసే రోటావేటర్ తగిలించాక అసలు సంగతి బయటపడింది. పొద్దున ఎత్తింది, మధ్యాహ్నానికి మొరాయించింది. మెకానిక్ వచ్చి రెండు నిమిషాలు చూసి, "పంపు పోయింది, కొత్తది వేయాలె" అని పదిహేను వేలు చెప్పాడు.

"ఏం చేద్దాం బామ్మర్ది, వేయించనా?" అని బావ ఫోన్ చేశాడు.

నేను బాలానగర్‌లో హైడ్రాలిక్ ప్రెస్‌ల మెయింటెనెన్స్ చూస్తాను. ప్రెస్ పక్కన ట్రాక్టర్ లిఫ్ట్ చిన్నపిల్ల లాంటిది, కానీ జబ్బులు రెండింటికీ ఒకటే. "ఆగు బావా, అది ఎప్పుడు లేవట్లేదో ముందు చెప్పు" అన్నాను. లిఫ్ట్ లేవట్లేదన్న మాట ఒక్కదానితో ఏమీ తేలదు. ఎప్పుడు లేవదు, ఎప్పుడు లేస్తుంది, లేచాక ఎంతసేపు నిలుస్తుంది అనే మూడు సంగతులు తెలిస్తే, పానా పట్టుకోకముందే సగం రోగం దొరుకుతుంది.

సీటు కింద జరిగేది

పంపు ఒత్తిడి పుట్టిస్తుందని అందరూ అనుకుంటారు. పంపు చేసే పని ఆయిల్‌ను తోయడమే. ఆ ఆయిల్‌కు అడ్డుగా బరువు నిలిస్తేనే ఒత్తిడి వస్తుంది. బరువు లేకపోతే గేజి ముల్లు దాదాపు సున్నా దగ్గరే ఉంటుంది. ఖాళీ లిఫ్ట్ లేచిందని పంపు బాగుందనుకోవడం ఎందుకు తప్పో ఇక్కడే తెలుస్తుంది.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. సిలిండర్ పిస్టన్ వ్యాసం 75 మిల్లీమీటర్లు అనుకోండి. దాని ముఖం వైశాల్యం సుమారు 44 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటర్‌కు 150 కిలోల ఒత్తిడి వస్తే పిస్టన్ మీద పడే బలం 6,600 కిలోలు. ఆరున్నర టన్నులన్నమాట. ఆ బలం లిఫ్ట్ ఆర్మ్‌ల దగ్గర లివర్ లెక్కలో తగ్గి, పరికరం తగిలించే కింది లింకుల చివర దాదాపు టన్ను బరువు ఎత్తేంతగా మిగులుతుంది. బలం తగ్గిన మేరకు కదలిక పెరుగుతుంది. పిస్టన్ జానెడు కన్నా తక్కువ దూరం జరిగితే చాలు, రోటావేటర్ నడుము ఎత్తుకు లేస్తుంది.

పిస్టన్ 11 సెంటీమీటర్లు జరగాలంటే ఎంత ఆయిల్ కావాలి? 44ని 11తో హెచ్చిస్తే 484 సీసీ. అంటే అర లీటరు. టన్ను బరువు ఎత్తే యంత్రం మొత్తం అర లీటరు ఆయిల్ మీద నడుస్తోంది. లిఫ్ట్ లేవలేదంటే ఆ అర లీటరు చేరాల్సిన చోటికి చేరడం లేదు. పంపు తోయనైనా లేదు, లేదా తోసింది దారిలో ఎక్కడో జారిపోతోంది. ఎక్కడ జారిపోతోందో పట్టుకోవడమే మన పని.

రేజ్ ఇస్తే లేస్తుందా?

పంపు నిమిషానికి 15 లీటర్లు తోస్తుందనుకుందాం, ఇంజన్ 2000 ఆర్‌పీఎం దగ్గర. సెకనుకు 250 సీసీ. అర లీటరు నిండడానికి రెండు సెకన్లు. అదే ఇంజన్ స్లోలో, 700 ఆర్‌పీఎం దగ్గర, సెకనుకు 87 సీసీ వస్తుంది. మంచి లిఫ్ట్ అయితే ఐదారు సెకన్లలో లేస్తుంది.

ఇప్పుడు లోపల ఎక్కడో సెకనుకు 80 సీసీ కారిపోతోందనుకోండి. ఫుల్ రేజ్‌లో 250లోంచి 80 పోగా 170 మిగులుతుంది, మూడు సెకన్లలో లేస్తుంది. డ్రైవర్‌కు తేడా కూడా తెలియదు. స్లోలో 87లోంచి 80 పోతే మిగిలేది 7. అర లీటరు నిండడానికి నిమిషం దాటుతుంది. చూసేవాళ్లకు అది లేవనట్టే లెక్క. కారే ఆయిల్ రెండు సందర్భాల్లోనూ దాదాపు అంతే, ఎందుకంటే బరువు మారలేదు, ఒత్తిడి మారలేదు.

కాబట్టి స్లోలో లేవక, రేజ్ ఇస్తే లేచే బండిలో అనుమానించాల్సింది లోపలి కారుడునే. అది పంపులో అయినా కావచ్చు, పంపు దాటాక అయినా కావచ్చు. ఈ రెండింటినీ వేరు చేయడానికి ఇంకో పరీక్ష ఉంది. పైసా ఖర్చు లేదు.

బరువు తగిలించి లిఫ్ట్ పూర్తిగా ఎత్తండి. ఇంజన్ ఆపేయండి. లివర్ ముట్టుకోకండి. పక్కన గోడ ఉంటే లింకు చివర ఎత్తులో సుద్దముక్కతో గీత గీయండి. ఇప్పుడు పంపు తిరగడం లేదు. బరువును మోస్తున్నది సిలిండర్‌లో చిక్కుకున్న ఆ అర లీటరే. అది కిందికి జారుతోందంటే పంపుకు ఆ పాపంలో భాగం చాలా తక్కువ. పిస్టన్ సీలో, దించే వాల్వో, పంపు నుంచి సిలిండర్‌కు వెళ్లే పైపు ఓరింగులో (కారకుండా ఆపే రబ్బరు రింగులు), సిలిండర్ మీది సేఫ్టీ వాల్వో, వీటిలో ఒకటి వదిలేస్తోంది. కొంచెం జారడం పాత బండికి సహజమే, రాత్రి ఎత్తి పడుకుంటే తెల్లారేసరికి దిగి ఉండటం పెద్ద రోగమేమీ కాదు. రెండు మూడు నిమిషాల్లో నేలకు తగిలితే మాత్రం ఆలోచించాలి.

ఇందుకు రివర్స్‌లో, ఎత్తిన బరువు ఇంజన్ ఆపినా గంటలకొద్దీ కదలకుండా నిలబడి, కానీ ఎత్తేటప్పుడు మాత్రం అవస్థ పడుతుంటే, పంపు వైపు, ఫిల్టర్ వైపు, ఒత్తిడి హద్దు దాటితే ఆయిల్‌ను వదిలేసే రిలీఫ్ వాల్వు వైపు చూడాలి.

బావకు ఫోన్‌లో ఈ పరీక్షే చెప్పాను. పది నిమిషాల తర్వాత ఫోన్ చేశాడు. "సిగరెట్ అయిపోకముందే నేలకు ఆనింది" అన్నాడు. పదిహేను వేల పంపు అప్పటికి ఆగింది.

ఇంకో గుర్తు కూడా ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా ఎత్తిన రోటావేటర్ తల ఊపుతుంది. బెత్తెడు దిగుతుంది, టక్కున లేస్తుంది, మళ్లీ దిగుతుంది. మనవాళ్లు దీన్ని లిఫ్ట్ కొట్టుకోవడం అంటారు. లోపల కారి బరువు దిగగానే, లివర్ పెట్టిన ఎత్తులోనే లిఫ్ట్‌ను నిలిపే పొజిషన్ కంట్రోల్ గమనించి వాల్వు తెరిచి మళ్లీ ఎత్తిస్తోంది. ఆ ఊపులు లెక్కపెట్టండి. అరనిమిషానికి ఒకటైతే ఈ సీజన్ గడిపేయవచ్చు. రెండు సెకన్లకు ఒకటైతే విప్పాల్సిందే.

చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?

నన్నడిగితే అన్నింటికన్నా పనికొచ్చే ప్రశ్న ఇది. ఎవరూ అడగరు.

ఆయిల్ చల్లగా ఉంటే చిక్కగా ఉంటుంది, వేడెక్కితే పల్చబడుతుంది. పల్చటి ఆయిల్ సన్నటి సందుల్లోంచి సులువుగా జారిపోతుంది. పొద్దున బాగా ఎత్తి, ఎండ ఎక్కి రెండు గంటలు దున్నాక మొరాయించే లిఫ్ట్‌లో ఏదో అరిగింది, ఏదో సీల్ పోయింది. మే నెల ఎండకు రోగం ముదురుతుంది, డిసెంబర్ చలికి దాక్కుంటుంది. చలికాలంలో పాత బండి కొనేవాళ్లు కనీసం గంటసేపు నడిపి, వేడెక్కించి, అప్పుడు బరువుతో ఎత్తి చూడాలి.

దీనికి తలకిందులుగా, పొద్దున లేవక మధ్యాహ్నం బాగా లేచే లిఫ్ట్ ఉంటుంది. ఇక్కడ చిక్కటి ఆయిల్ పంపులోకి రాలేకపోతోంది. పంపు ఆయిల్ పీల్చుకునే దారిలోని సక్షన్ ఫిల్టర్ జాలీ మూసుకుపోయి ఉంటుంది, లేకపోతే ఎవరో మరీ చిక్కటి ఆయిల్ పోసి ఉంటారు. ఇలాంటప్పుడు పంపు సన్నగా ఈల వేసినట్టు ఏడుస్తుంది. ఆ ఏడుపు విని పంపు మార్చిన వాళ్లను చూశాను. కొత్త పంపు కూడా నెలలో అదే పాట మొదలుపెడుతుంది, ఆకలి తీరలేదు కాబట్టి.

ఆయిల్ నురగ కక్కుతుంటే సక్షన్ వైపు గాలి పీలుస్తోందని అర్థం. పంపు బయట ఉండే బండ్లలో దీనికో చిట్కా ఉంది. సక్షన్ పైపు జాయింట్ల చుట్టూ గట్టి గ్రీజు ముద్దగా పట్టించండి. చప్పుడు మారితే ఆ జాయింటే దొంగ. పంపు గేర్‌బాక్స్ కడుపులోనే ఉండే బండ్లలో ఈ చిట్కా పనిచేయదు, అక్కడ ముందు లెవల్ చూసుకోవాలి.

రోగం కాని రోగాలు

కొన్ని బండ్లలో పంపు పీటీఓ షాఫ్ట్ మీదే తిరుగుతుంది. పీటీఓ లివర్ న్యూట్రల్‌లో ఉంటే లిఫ్ట్ చచ్చినట్టే. క్లచ్ తొక్కితే లిఫ్ట్ ఆగిపోవడం కూడా ఇలాంటి బండ్లలో డిజైనే. సీటు కింద దించే వేగం మార్చే నాబ్ ఉన్న బండ్లలో, దాన్ని పూర్తిగా బిగిస్తే ఎత్తింది దిగదు. ట్రాలీ వాళ్లు కావాలనే బిగించి మరిచిపోతారు. రెండు లివర్లు ఉన్నచోట ఒకటి ఎత్తి, రెండోది దించి ఉంచి లిఫ్ట్‌ను తిట్టేవాళ్లు బోలెడు మంది.

ఆ రెండో లివర్ గురించి ఒక మాట. అది డ్రాఫ్ట్ కంట్రోల్. హ్యారీ ఫెర్గూసన్ 1926లో పేటెంట్ తీసుకున్న ఆలోచన అది. నాగలికి గట్టి నేల తగిలితే అది టాప్ లింకును, అంటే పరికరాన్ని పైన పట్టి ఉంచే కడ్డీని, ముందుకు నొక్కుతుంది, అక్కడి స్ప్రింగు కదిలి వాల్వుకు కబురు పంపుతుంది, లిఫ్ట్ నాగలిని కొద్దిగా పైకి లాగుతుంది. మెత్తటి నేల రాగానే మళ్లీ దించుతుంది. చల్క నుంచి నల్లరేగడిలోకి చేను మారే చోట దీని విలువ తెలుస్తుంది. 1938లో హెన్రీ ఫోర్డ్‌తో ఫెర్గూసన్ రాతకోతలు లేకుండా చేతులు కలిపి ఒప్పందం చేసుకున్నాడు, మరుసటి ఏడు ఫోర్డ్ 9ఎన్ వచ్చింది. తర్వాత ఇద్దరూ కోర్టుకెక్కారు, అది వేరే కథ. మన పక్క చెన్నైలో 1960లో మొదలైన టాఫే ద్వారా ఆ వంశపు మాసీ ఫెర్గూసన్ బండ్లు మన ఊళ్లకు వచ్చాయి. పాత బండిలో ఆ స్ప్రింగు దగ్గర వదులు వచ్చినా, పిన్ను కన్నం కోడిగుడ్డులా సాగినా, డ్రాఫ్ట్‌లో లిఫ్ట్ పిచ్చిపట్టినట్టు ఎగిరి పడుతుంది. ఆ బండికి ఎన్ని ఓరింగులు మార్చినా లాభం లేదు. టాప్ లింకు పిన్ను పట్టుకుని చేత్తో ఆడించి చూస్తే సరిపోతుంది.

ఆయిల్ సంగతి

ట్యాంకర్ బండ్ల ఆయిల్ ఎవరూ మార్చరు. లిఫ్ట్ వాడనప్పుడు మార్చడం దేనికని వాళ్ల లెక్క. చాలా బండ్లలో అదే ఆయిల్‌లో గేర్లు కూడా తిరుగుతుంటాయి, వాటి ఇనుప పొడి అడుగున పేరుకుంటుంది. రాత్రీ పగలూ వేడి తేడాకు లోపలి గాలిలోని తేమ నీరవుతుంది. దమ్ము చేసే బండ్లలో అయితే సీళ్ల సందుల్లోంచి నేరుగా నీళ్లే దిగుతాయి. ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులోకి వస్తే నీళ్లు పడ్డట్టే. అనుమానంగా ఉంటే గాజు సీసాలో కొంచెం పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి, నీళ్లు అడుగుకు చేరతాయి. లేదంటే కాల్చిన రేకు మీద రెండు చుక్కలు వేయండి. చిటపటమంటే నీళ్లున్నాయి.

టిప్పర్ ట్రాలీలకు తగిలించే బండ్లలో ఇంకో తంటా ఉంది. ట్రాలీని ఎత్తే జాకీలోకి వెళ్లే ఆయిల్ ట్రాక్టర్‌దే. జాకీ ఎత్తి ఉండగా లెవల్ చూస్తే తక్కువ కనిపిస్తుంది, మనం పోస్తాం, జాకీ దించగానే ఎక్కువవుతుంది. పైగా ఒక్కో ట్రాలీ ఒక్కో రకం మురికి ఆయిల్ మోసుకొస్తుంది. ఆయిల్ గొట్టం కప్లింగ్ మూతికి అంటుకున్న ఇసుక రేణువు నేరుగా వాల్వులోకి పోతుంది. తగిలించేముందు గుడ్డతో తుడవడం ఎంత పని? చేసినవాడిని ఇంతవరకూ చూడలేదు.

లెవల్ తగ్గిందని బ్రేక్ ఆయిల్ మాత్రం కలపకండి. మామూలు రబ్బరు సీళ్లు దానికి ఉబ్బిపోతాయి. ఏ గ్రేడ్ పోయాలో బండి పుస్తకంలో ఉంటుంది, దాన్నే నమ్మండి. తడి బ్రేకులున్న (బ్రేకులు కూడా ఆయిల్‌లోనే మునిగి ఉండే) బండ్లలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

గేజి పెట్టాక మాట్లాడాలి

ఖాళీగా లేచి, బరువుతో లేవని లిఫ్ట్‌కు కారణం అరిగిన పంపు కావచ్చు, మురికి ఇరుక్కుని తెరుచుకునే ఉన్న రిలీఫ్ వాల్వు కావచ్చు. చెవితో చెప్పడం కష్టం. చదరపు సెంటీమీటర్‌కు 250 కిలోల దాకా చూపించే ప్రెజర్ గేజి ఒకటి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతుంది. టెస్ట్ ప్లగ్గు విప్పి, సరైన అడాప్టర్‌తో బిగించి, బరువు మీద ఎత్తించి చూస్తే ముల్లు ఎక్కడ ఆగుతుందో కనిపిస్తుంది. బండి పుస్తకంలో చెప్పిన ఒత్తిడి వస్తూ కూడా బరువు లేవట్లేదంటే తప్పు హైడ్రాలిక్‌ది కాదు. ఆర్మ్ షాఫ్ట్ బుష్‌లు పట్టేశాయో, బరువే ఎక్కువైందో చూడాలి. కంపెనీ చెప్పే ఎత్తే సామర్థ్యం లింకుల చివర కొలిచిందా, 610 మిల్లీమీటర్లు వెనక కొలిచిందా అన్నది కూడా గమనించండి. బరువు వెనక్కి జరిగిన కొద్దీ సామర్థ్యం తగ్గుతుంది.

రిలీఫ్ వాల్వు స్ప్రింగు కింద వాషర్ వేసి ఒత్తిడి పెంచే మేస్త్రీలున్నారు. వాళ్లను బండి దగ్గరికి రానివ్వకండి. ఆ వాల్వు ఫ్యూజు లాంటిది. అది తెరుచుకోకపోతే పగిలేది సిలిండర్, లేదా లిఫ్ట్ కవర్.

విప్పిన రోజు

ఆదివారం పొద్దున్నే శంకర్‌పల్లి వెళ్లాను. రోటావేటర్ కొనలు మాత్రం ఇటుకల మీద ఆనేలా పెట్టి, పక్క కవర్ విప్పి, టార్చి వేసి ఇంజన్ స్టార్ట్ చేయించాను. చెయ్యి లోపల పెట్టలేదు. ఈ ఒత్తిడిలో సూది మొనంత కన్నంలోంచి వచ్చే ఆయిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాయమే, లోపల వేలు పోయేంత ప్రమాదం. అలా తగిలితే ఇంటి వైద్యం కుదరదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఎత్తిన పరికరం కిందికి దూరడం కూడా అంతే, కింద దిమ్మెలు లేకుండా దూరకూడదు.

లివర్ ఎత్తగానే సిలిండర్ నోటి దగ్గర కనిపించింది. పిస్టన్ అంచు చుట్టూ ఆయిల్ తెరలా జారుతోంది. పైపు ఓరింగుల దగ్గర పొడిగా ఉంది. ఇంజన్ ఆపి, లిఫ్ట్ పూర్తిగా దించి, సీటు తీసి, చెట్టుకు చైన్ బ్లాక్ కట్టి లిఫ్ట్ కవర్ లేపాం. పిస్టన్ బయటికి లాగితే సీల్ దొరికింది. గుండ్రంగా ఉండాల్సిన ఓరింగు ఒకవైపు పలకగా చదును తేలింది. గోటితో నొక్కితే పాత చెప్పు అట్టలా పెళ్లలుగా రాలింది.

దాన్ని మార్చి మూసేయమన్నాడు బావ. నేను ముందు సిలిండర్ లోపల వేలు పెట్టి తడిమాను. బండి పదేళ్లు లిఫ్ట్ దించుకునే తిరిగింది. పిస్టన్ లోపలి చివరన కూర్చుని ఉంది, మిగతా గోడకు తేమ తగిలి తుప్పు పట్టింది. వేలికి ఇసుక కాగితంలా తగిలింది. కొత్త ఓరింగు వేసినా దాని మీద పదిసార్లు ఎక్కి దిగితే చిరుగుతుంది. మెకానిక్ వేసే కొత్త పంపు ఈ గోడను ఏం చేసేది?

సిలిండర్‌ను బాలానగర్ తెచ్చి తెలిసిన షెడ్డులో హోనింగ్ చేయించాను, అంటే లోపలి గోడను రాయితో సానబట్టి నునుపు చేయించాను. ఓరింగు కోసం రాణిగంజ్ వెళితే సేటు అడిగే మొదటి మాట, "సెక్షన్ కిత్నా?" (మందం ఎంత?) లోపలి వ్యాసంతో పాటు ఓరింగు మందం కూడా వెర్నియర్‌తో కొలిచి పట్టుకెళ్లాలి. పాత ఓరింగును కొలవకండి, అది చదును తేలి అబద్ధం చెబుతుంది. పిస్టన్ గాడిని కొలవండి. కాస్త గట్టి రకం నైట్రైల్ రబ్బరు ఓరింగు, దాని వెనక వేసే బ్యాకప్ రింగు తీసుకున్నాను. ఒత్తిడి వచ్చే వైపు ఓరింగు, అవతలి వైపు బ్యాకప్ రింగు ఉండాలి. తిరగేసి వేస్తే ఓరింగు సందులోకి నెట్టుకుపోయి నలుగుతుంది. బిగించేముందు రెండింటికీ ఆయిల్ రాశాను. చేయి పెట్టాం కదా అని పైపు ఓరింగులు కూడా మార్చాం, అడుగున మడ్డి కడిగి ఫిల్టర్ జాలీ డీజిల్‌లో జాడించి, కొత్త ఆయిల్ పోశాం.

ఇంజన్ స్లోలోనే రోటావేటర్ లేచింది. బావ నమ్మక మూడుసార్లు ఎత్తి దించాడు. తర్వాత గంటన్నర దున్ని వేడెక్కించాం, మళ్లీ ఎత్తి, ఇంజన్ ఆపి, పశువుల కొట్టం గోడ మీద సుద్దతో గీత గీశాం. తెల్లారి బావ ఫోటో పంపాడు. లింకు చివర గీతకు నాలుగు వేళ్ల కింద ఉంది.